లిస్టులో లేని సర్జన్

"మీరిచ్చిన లిస్టులో మొదటి డాక్టరు పోయి రెండేళ్లయిందండీ. రెండో అడ్రసులో చెప్పుల షాపుంది. మూడో ఆయన ఎముకల డాక్టరే. కాకపోతే కుక్కలకి."

ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆఫీసులో, నాలుగో కౌంటర్ ముందు నిలబడి ఈ మాటలన్నవాడు సైన్‌బోర్డులు రాసే పెయింటర్. నిచ్చెన మీంచి పడ్డాడు. కుడిచెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. భుజానికి నెలలోపు ఆపరేషన్ చేయించకపోతే ఇక ఆ చెయ్యి పైకి లేవదని ఎమర్జెన్సీ డాక్టరు చెప్పాడు. చెయ్యి లేవకపోతే బోర్డూ లేదు, బతుకుతెరువూ లేదు. అప్పుడే రెండు వారాలు గడిచిపోయాయి.

కౌంటర్ అమ్మాయి తలెత్తలేదు. "లిస్టు అప్‌డేట్ చేసిందేనండీ. పోయిన నెలే ప్రింటయింది."

"ప్రింటు కొత్తదే మేడమ్. అందులో మనుషులే పాతవాళ్లు."

వెనక క్యూలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ అమ్మాయి చివ్వున తలెత్తింది. పెద్ద పెద్ద కళ్లు. వాటి నిండా కోపం. పెయింటర్‌కి భుజం నొప్పి ఒక్క క్షణం గుర్తురాలేదు.

"ఇంకా పదకొండు మంది ఉన్నారుగా?"

"ఆరుగురు కార్డు అన్న మాట చెవిన పడగానే 'హలో, వినపడట్లేదు' అన్నారు. అప్పటిదాకా బాగానే వినపడింది. ఇద్దరు వచ్చే ఏడాది రమ్మన్నారు. ముగ్గురు ఫోనే ఎత్తట్లేదు. కావాలంటే మీరే చేసి చూడండి."

ఆ లిస్టు తయారుచేసింది తనే. పంతంగా ఫోన్ అందుకుని, స్పీకర్ ఆన్ చేసింది.

"హలో, క్లినిక్కా? భుజం ఆపరేషన్‌కి ఎప్పుడు రమ్మంటారు?"

"రేపే రండి మేడమ్!"

"ప్రభుత్వ బీమా కార్డుందండీ..."

"హలో? హలో? వినపడట్లేదు మేడమ్."

ఫోన్ కట్టయింది. అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి.

"రేపు శనివారం, మాకు ఒంటిపూట. రెండింటికి గేటు దగ్గరుండండి. ఆ ముగ్గురి సంగతీ నేనే చూస్తాను."

మర్నాడు రెండింటికి వాన మొదలైంది. ఆమె గొడుగు మర్చిపోయింది. ఉన్నది అతని గొడుగొక్కటే. ఆమె హడావుడిగా అతని కుడిపక్కన దూరి, భుజాన్ని గుద్దేసింది.

"అమ్మా!"

"అయ్యో, సారీ!"

"ఎడమపక్కకి రండి. ఆ పక్క ఖాళీగానే ఉంది."

"ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచీ."

ఆమె వాన వైపు తిరిగి నవ్వు దాచుకుంది.

మొదటి క్లినిక్‌కి తాళం. డాక్టరుగారు సెమినార్‌కని వెళ్లి ఏడు నెలలైందని వాచ్‌మన్ చెప్పాడు. రెండోచోట కార్డు పేషెంట్లను నెలకొక్క సోమవారమే చూస్తారట. ఏడాది సోమవారాలన్నీ నిండిపోయాయట. మూడో అడ్రసు లిఫ్టు లేని మూడో అంతస్తు.

"కాళ్లు విరిగినవాళ్లు పైకెలా వస్తారు?" ఆయాసపడుతూ అంది ఆమె.

"వచ్చారంటే బాగైపోయినట్టే. టెస్టు ఇదే కాబోలు."

లిస్టులో ఉన్న డాక్టరు అక్కడ ఖాళీ చేసి చాలాకాలమైంది. అదే గదిలో అరవయ్యేళ్ల సర్జన్ ఒకావిడ టీలో బిస్కెట్ ముంచుకుంటూ కనిపించింది.

"కార్డు తీసుకుంటారా అండీ?" ఆశ లేకుండానే అడిగాడు.

"తీసుకోకేం బాబూ! అప్లై చేసి ఏడాదైంది. ఆ ఆఫీసువాళ్లే రెండుసార్లు తిప్పి పంపారు." డ్రాయర్‌లోంచి ఫారం తీసి బల్లమీద పడేసింది. "చూడు. ఫొటో వెనక తెల్లగా లేదట! నా జుట్టు తెల్లగా ఉంది, చాల్లేదా?"

ఎర్ర ఇంకు రాతని అమ్మాయి రెప్పవేయకుండా చూసింది.

"ఈ రాత... నాదేనండీ."

పెయింటర్ నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

"రెండోసారి?" అంది సర్జన్.

"అదీ నేనే. సంతకం గీత దాటిందని." ఆమె ఫారం దగ్గరికి లాక్కుంది. "నావల్ల ఎంతమంది తిరిగారో!"

అతని నవ్వు ఆగిపోయింది. "ఊరుకోండి. ఇంత దూరం వెతుక్కుంటూ వచ్చింది కూడా మీరేగా."

సర్జన్ అతని చెయ్యి అటూ ఇటూ కదిపి చూసింది. "ఇంకో రెండు వారాల్లో చేసెయ్యాలి. లిస్టులో నా పేరెక్కించండి, చేసేస్తాను."

అక్కడికక్కడే ఫొటో తీశారు. సర్జన్ తల వెనక తెల్ల దుప్పటి పట్టుకోవడానికి పెయింటర్ ఒంటిచేత్తో స్టూలెక్కబోతే, "దిగు! మళ్లీ పడితే ఆ రెండోదీ నేనే చెయ్యాలి!" అని కేకేసింది ఆవిడ.

సోమవారం నుంచి ఆ అమ్మాయి ఫారం పట్టుకుని ప్రతి టేబుల్ చుట్టూ తిరిగింది. మూడు నెలల పని కదమ్మా అన్నాడు ఆఫీసరు. "నావల్ల ఏడాది ఆగింది సర్. ఇక ఆగదు," అంది. పెయింటర్ రోజూ క్యూలో నిలబడి, ఏమైందని అడిగి వెళ్లేవాడు. అడగడానికి ఏమీ లేనిరోజు టైమెంతయిందని అడిగేవాడు.

తొమ్మిదో రోజు ఆమె చెప్పింది. "పేరెక్కింది. ఎల్లుండే ఆపరేషన్."

"థాంక్సండీ!"

"ఇక రోజూ రానక్కర్లేదు."

"అవును. రానక్కర్లేదు."

ఇద్దరికీ ఆ శుభవార్త ఎందుకో అంతగా నచ్చలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే ఆమె సెలవు పెట్టి ఆసుపత్రికి వచ్చేసింది. అతణ్ణి పెంచిన నాయనమ్మ స్ట్రెచర్ పక్కనే ఉంది.

"తోడు ఎవరండీ? సంతకం కావాలి," అంది నర్సు.

"నేనే. కానీ చేతిని ఆరువారాలు కదపకుండా చూడాలన్నారు. వీడు నా మాట వినడు. ఇంట్లో రోజూ ఈ అమ్మాయి గురించే చెబుతాడు, తన మాటయితే వింటాడు. తనచేత పెట్టించు," అంది నాయనమ్మ.

నర్సు పెన్నందించింది. "పేషెంట్‌కి ఏమవుతారు?"

అమ్మాయి పెన్ను గాల్లోనే ఆగింది. అతని వైపు చూసింది.

"అది... చెయ్యి బాగయ్యాక అడుగుదామనుకున్నాను," నసిగాడు.

"ఏం, రెండు చేతులూ కావలసిన ప్రశ్నా?"

"కాదు. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె నర్సు వైపు తిరిగింది. "మత్తిచ్చేశారా?"

"ఇంకా లేదండీ. ఈయన మామూలుగానే ఇలా ఉన్నారు."

"త్వరగా తేల్చండమ్మా!" తలుపు దగ్గర్నుంచి అరిచింది సర్జన్. "నేను గ్లవ్స్ కూడా వేసేసుకున్నాను!"

ఆమె వంగి, గబగబా రెండు మాటలు రాసి ఫారం అతని కళ్లముందు పెట్టింది. 'కాబోయే భార్య'.

స్ట్రెచర్ తలుపుల్లోంచి వెళ్లిపోయేదాకా అతను ఆ అక్షరాలు బోర్డు మీదైతే ఎంత పెద్దగా రాసేవాడో చెబుతూనే ఉన్నాడు. తలుపులు మూసుకున్నాక కూడా ఆమె వాటివైపే చూస్తూ నిలబడింది. నాయనమ్మ చెయ్యిపట్టి బెంచీమీద కూర్చోబెట్టింది.

"భయపడకు తల్లీ. రెండు గంటలంట. ఈలోపు వాడి గురించి చెప్పాల్సినవన్నీ చెప్పేస్తాను. ముందే చెప్పలేదని రేపు నువ్వు నన్ననకూడదు."

సరిగ్గా రెండు గంటలకి సర్జన్ బయటికొచ్చి, చెయ్యి తల దాటి లేస్తుందని చెప్పింది. నాయనమ్మ చెప్పాల్సినవి మాత్రం అప్పటికి వాడి ఎనిమిదో ఏడు దాకానే వచ్చాయి.