ఎనిమిదికి చావని యువరాజు

నాటకంలో యువరాజుకి ఒకటే జబ్బు, ఆలోచన. రాజ్యం కాజేసిన సేనాపతిని ఎదిరించాలా వద్దా అని నాలుగు అంకాలు తల బద్దలు కొట్టుకుని, ఐదో అంకంలో తెగించి కత్తి దూసి, ప్రాణం పోగొట్టుకుంటాడు. ఆ వేషం జీవిత బీమా ఆఫీసు గుమస్తాకి దక్కింది. ఎవరు ఏ వయసులో దేనితో పోయారో పొద్దస్తమానం ఫైళ్లలో చదివేవాడు కాబట్టి, అతనికి చావంటే హడల్. మెట్లు దిగినా రెయిలింగ్ వదలడు.

కత్తియుద్ధం నేర్పింది డైరెక్టర్ గారి అమ్మాయి. మొదటి రోజే ఇద్దరికీ చెడింది.

"ఎనిమిది లెక్కపెట్టేసరికి చచ్చిపోవాలండీ. మీరు పన్నెండు దాకా బతికే ఉన్నారు."

"పొడిచేముందు ఒక్క మాట చెప్పొచ్చు కదండీ."

"చెప్పి పొడిస్తే దాన్ని అపాయింట్‌మెంట్ అంటారు."

ఆ మాటకే గుమస్తా ప్రేమలో పడ్డాడు. చెప్పేద్దామని మూడు నెలల రిహార్సల్స్‌లో రోజూ అనుకున్నాడు. కాదంటే ఏం చేయాలి, నవ్వితే ఏ ముఖం పెట్టుకోవాలి అని ఆలోచిస్తుండగానే ప్రదర్శన రోజు వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం సేనాపతి వేషగాడికి కాలు బెణికింది. అడుగులన్నీ తెలిసింది ఆమెకే కనుక, ఇనుప ముసుగు తగిలించుకుని తనే సేనాపతి అయింది. అది చాలదన్నట్టు, ముందు వరుసలో కూర్చున్నవాళ్లు ఆమె కోసం వచ్చిన పెళ్లివారని మేకప్ రూమ్‌లో తెలిసింది. నాటకం అవగానే జవాబు చెప్పాలట.

ఐదో అంకంలో కత్తులు పెనవేసుకునే చోట ఇద్దరి ముఖాలూ దగ్గరవుతాయి. జనానికి పగ కనిపిస్తుంది గానీ మాట వినిపించదు.

"సంబంధం ఒప్పుకుంటారా?" అన్నాడు పళ్లు బిగించి.

"అడిగింది వాళ్లొక్కరే కదా. మూడు... నాలుగు..."

"నేనూ అడుగుదామనే..."

"ఎప్పుడు, వచ్చే ఏడాదా? ఏడు. ఇక చావండి."

ఎనిమిదికి కత్తి పక్కటెముకల దాకా వచ్చింది. పడ్డాడంటే తెర దిగేవరకూ శవమే, నోరు మెదపడానికి లేదు. తెర దిగగానే పెళ్లివారు స్టేజి ఎక్కేస్తారు. చావంటే ఎలాగూ భయమే, చెప్పకుండా చావడమంటే ఇంకా భయం. జీవితంలో మొదటిసారి ఏమీ ఆలోచించకుండా, కత్తిని పక్కకి నెట్టి మళ్లీ కలబడ్డాడు.

జనం ఈలలు వేశారు. తెర చాటునుంచి డైరెక్టర్ "చావవయ్యా బాబూ" అని గుసగుసగా బతిమాలాడు.

"నన్ను పెళ్లి చేసుకోండి," అన్నాడు గుమస్తా రొప్పుతూ. "కాదన్నా ఇప్పుడే చస్తాను, ఔనన్నా ఇప్పుడే చస్తాను. డైరెక్టర్ గారు చూస్తున్నారు."

ముసుగులోంచి కిసుక్కున నవ్వు వచ్చింది.

"ఈ ముక్క చెప్పడానికి మూడు నెలలా? చేసుకుంటాలే. ముందు నువ్వు చావు."

"నువ్వు" అన్నందుకే అతనికి ప్రాణం లేచి వచ్చింది. అయినా మాట తప్పలేదు. కత్తిని చంకలో ఇరికించుకుని, ఏ యువరాజూ చావనంత హాయిగా చచ్చాడు. శవం చెవుల దాకా నవ్వుతుంటే ముందు వరుసలో ఒకావిడ లేచి నిలబడింది. డైరెక్టర్ గబగబా తెర దించేశాడు.

అడుగు దూరంలో నిలబడి అంతా విన్న మనిషి ఆయన. పెళ్లివారి దగ్గరికి వెళ్లి, చేతులు జోడించి సర్దిచెప్పి తిరిగొచ్చాడు. యువరాజు ఇంకా నేలమీదే ఉన్నాడు, లేవడానికి ధైర్యం చాలక.

"చివర్లో ఏడుపు సీను మొత్తం మింగేశావు," అన్నాడు డైరెక్టర్, చెయ్యందించి లేపుతూ. "రేపటి ఆటలో మాత్రం ఎనిమిదికే చచ్చిపో, అల్లుడూ."