పింగళుడి గుహలో మూడు వాదాలు

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నాడు, సూర్యోదయ వేళ, మణిహార రాజ్యంలో శంఖవతీ నది ఆగిపోయింది.

నది పుట్టే కొండగుహను పింగళుడనే యక్షుడు మూసేశాడు. తన ద్వారాలు దాటి వచ్చి తనను గెలిచినవారికే నీళ్లు వదులుతానని కబురు పంపాడు. తప్పిన వాళ్లు రాళ్లవుతారు. అమావాస్య నాడు పొద్దు గుంకితే ఆ రాళ్లు మళ్లీ మనుషులు కావు.

కీర్తిధర మహారాజుకు పిల్లలు లేరు. నీళ్లు తెచ్చినవారికి తన తర్వాత సింహాసనం దక్కుతుందని చాటింపు వేయించాడు. ఆస్థాన న్యాయాధికారులు ఇద్దరు వెళ్లారు. తర్వాత దళనాయకుడు సుధన్వుడు వెళ్లాడు. ముగ్గురూ తిరిగి రాలేదు.

సుధన్వుడి చెల్లెలు కేతకి. కంచు గంటలు పోతపోసే ఇంట్లో తండ్రికి చేదోడుగా ఉండేది. ఆమె రాజసభకు వచ్చి, గుహ బయట కాచుకుని ఉండి తిరిగొచ్చిన భటులను ఏం జరిగిందో అడిగింది. గుమ్మం దగ్గర ఒక చిలుక ఉందని, అది ఒక వాదం చెబుతుందని, రెండు తలుపులు చెరొక వాదం చెబుతాయని, చిలుక వాదానికి జోడీ అయిన తలుపు తీయాలని వాళ్లు చెప్పారు. చిలుక వాగు సంగతి చెప్పింది. న్యాయాధికారులిద్దరూ వాగు సంగతి చెప్పిన తలుపే తీశారు. మణిహారంలో అది అలవాటు. ఎద్దు తగాదా వస్తే పాత ఎద్దు తగాదా వెతికి ఆ తీర్పే ఇస్తారు. సుధన్వుడు వాళ్ల గతి చూసి రెండో తలుపు తీశాడు. లోపలికి వెళ్లాక ఏమైందో ఎవరికీ తెలియదు.

"వాగుకు వాగే కదా జోడీ? తప్పెలా అయింది?" అన్నాడు మహారాజు.

"మహాప్రభూ, గంటనూ చెంబునూ మేము ఒకే కంచుతో పోస్తాం. అంతమాత్రాన గంట చెంబు కాదు. అచ్చు చూడాలి."

మహారాజు ఆమెను పంపడానికి మొదట ఒప్పుకోలేదు. ఇంకెవరూ ముందుకు రాకపోవడంతో ఒప్పుకున్నాడు.

కేతకి అడవి దాటి అమావాస్య నాటి మధ్యాహ్నానికి గుహ చేరింది. న్యాయాధికారులిద్దరూ మొదటి తలుపు ముందు రాళ్లై నిలబడి ఉన్నారు. చిలుక చెప్పింది: "కొండమీద వాన పడితే వాగు పొంగుతుంది. వాగు పొంగలేదు. కనుక వాన పడలేదు."

"వాన పడితే వాగు పొంగుతుంది. వాన పడింది. కనుక వాగు పొంగింది," అంది మొదటి తలుపు.

"పొయ్యి రాజేస్తే పొగ వస్తుంది. పొగ రాలేదు. కనుక పొయ్యి రాజేయలేదు," అంది రెండోది.

కేతకి రెండో తలుపు తీసింది.

లోపల రెండు ఇత్తడి సింహాలు ఉన్నాయి. ఎడమ సింహం ముందు సుధన్వుడు రాయై ఉన్నాడు. చెయ్యి దాని వైపు చాచి ఉంది. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

చీకట్లోంచి పింగళుడి గొంతు వినిపించింది. "పులి వస్తే నెమళ్లు అరుస్తాయి. నెమళ్లు అరిచాయి. కనుక పులి వచ్చింది. దీనికి జోడీ చెప్పు, పిల్లా."

దీపం ఆరితే గది చీకటవుతుందని, గది చీకటి కాలేదు కనుక దీపం ఆరలేదని ఎడమ సింహం అంది. పెళ్లి జరిగితే మేళం మోగుతుందని, మేళం మోగింది కనుక పెళ్లి జరిగిందని కుడి సింహం అంది.

ఎడమ సింహం మాటలో తప్పు లేదు. కుడి సింహం మాటలో ఉంది. మేళం ఉత్సవానికీ మోగుతుంది. అన్న సరైన మాట వైపే చెయ్యి చాచాడు. కేతకి కుడి సింహం వైపు ఒక అడుగు వేసి ఆగింది. నెమళ్లు మబ్బు పట్టినా అరుస్తాయి. పింగళుడి వాదంలోనూ అదే తప్పు. రాతి అచ్చులో గాటు ఉంటే, పోసిన ప్రతి గంట మీదా ఆ గాటే పడుతుంది.

ఆమె కుడి సింహం నుదుటి మీద చెయ్యి పెట్టింది. గోడ తెరుచుకుంది.

పింగళుడు నీటి ఊట మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గద, మోకాళ్ల దాకా గడ్డం. గుహ కప్పులోని కంతలోంచి పడుతున్న ఎండ, పొద్దు వాలేకొద్దీ గోడ పైకి పాకుతోంది.

"రాయి మాట్లాడదు. మీ అన్న మాట్లాడడు. కనుక మీ అన్న రాయి. నా మంత్రం ఇంతే," అన్నాడు. "రాయి మాట్లాడుతుందంటావా? మాట్లాడదు. మీ అన్న మాట్లాడుతున్నాడా? పోయి అడుగు. ఇందులో తప్పుంటే చూపించు. చూపించకపోతే అన్న పక్కనే నీకూ చోటుంది."

ఎండ కప్పును తాకింది. పింగళుడు గద ఎత్తాడు.

"అయ్యా, అదే అచ్చులో నేనొకటి పోస్తాను. కోప్పడకండి," అంది కేతకి.

"పోసి చూపించు."

"గాడిద గడ్డం గీసుకోదు. తమరూ గడ్డం గీసుకోరు. కనుక తమరు గాడిద."

"తప్పు," అన్నాడు పింగళుడు. "నేను యక్షుణ్ణి."

"మా అన్న మనిషి."

పింగళుడి గద చేతిలోంచి జారింది. అతను ఊట మీంచి లేచాడు. నీళ్లు బయటికి వచ్చాయి.

సుధన్వుడు సింహం దగ్గర మోకాళ్ల లోతు నీళ్లలో దగ్గుతూ కనిపించాడు. చెల్లెల్ని చూసి, నిన్ను ఇక్కడికి ఎవరు రానిచ్చారని అడిగాడు. న్యాయాధికారులిద్దరూ గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నారు.

నీళ్లు మర్నాడు ఉదయానికి నగరం చేరాయి. కార్తిక పౌర్ణమి నాడు మహారాజు కేతకిని యువరాణిగా అభిషేకించాడు. సుధన్వుడు ఆ రోజంతా మాట్లాడుతూనే ఉన్నాడని సభలో ఉన్నవాళ్లు చెప్పారు.