మల్లిక బస్సులో ఉంది

బర్మాలో, ఈ చిమిండైంగ్ పేటలో మా వీధి మొత్తానికి మా ఇల్లే ఎత్తు. నాలుగో అంతస్తేనని మెట్లు లెక్కపెట్టినవాళ్ళు అంటారు గానీ, నా మోకాళ్ళనడిగితే నలభయ్యోదని చెబుతాయి. వసారాలో నిలబడితే ఏరు, ఏట్లో పడవలు, బజారులో చేపల గంపల మీద గొడుగులు కనిపిస్తాయి. ఇంకాస్త వంగి చూస్తే విశాఖపట్నం కూడా కనిపిస్తుందని మా మనవరాలికి చిన్నప్పుడు చెప్పేదాన్ని. ఆరేళ్ళొచ్చేదాకా నమ్మింది.

వసారా కమ్మీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతుంటుంది. పైన చిన్న గంట, కింద క్లిప్పు. నలభై అంతస్తులు ఎవరెక్కుతారు? కింద తాడు లాగితే పైన గంట మోగుతుంది. ఎవరెలా లాగుతారో నాకు కంఠతా వచ్చు. పాలవాడు నన్ను వీధిలోకి ఈడ్చేస్తాడేమోనన్నట్టు లాగుతాడు. మా మల్లిక రెండుసార్లు లాగేది. ఒకసారి లాగి, కాసేపాగి, మెల్లగా ఇంకోసారి. నేను తాళంచెవి క్లిప్పుకి తగిలించి కిందికి వదిలేదాన్ని.

మల్లిక నా కొడుకు కూతురు. అమ్మానాన్నలు దాని చిన్నతనంలోనే పోయారు. పెంచింది నేనే. పబేడాన్ పేటలో బట్టల కొట్ల పైన ఒక ఆఫీసులో పనిచేసేది. కంప్యూటర్లో బ్రౌజరు తెరిచి ఆడుకునే ఆటల కంపెనీ అది. పాస్‌వర్డు మర్చిపోయినవాళ్ళు, తమ ఖాతా ఎవరో కాజేశారని ఏడ్చేవాళ్ళు, ఆట మధ్యలో బిగుసుకుపోయినవాళ్ళు చాట్‌లో రాస్తే, ఇది జవాబిచ్చేది.

"ఏటే నీ ఉద్యోగం?" అని మొదటి రోజు అడిగాను.

"తలుపులు తియ్యడం, మామ్మ. తాళం పారేసుకున్నోళ్ళకి తియ్యడం. దొంగలకి తియ్యకపోడం."

"ఎవరు దొంగో ఎలా తెలుస్తాది?"

"ప్రశ్న అడుగుతాం. ఇంటోళ్ళకే తెలిసే ప్రశ్న."

నాక్కూడా ఒక తోట ఆటలో ఖాతా తెరిచింది. పుట్టిన తేదీ అడిగితే నూట మూడేళ్ళని చెప్పాను. నా అసలు వయసు అందులో ముప్ఫై తక్కువ, కానీ పెద్దరికం ఉంటే వంకాయలు తొందరగా కాస్తాయేమోనని. మల్లిక నవ్వుకుంటూ అదే కొట్టింది. ఆ తర్వాత రహస్య ప్రశ్న రాయాలంది.

"నువ్వు రోజూ అడిగేదే పెడతాను. 'మల్లిక ఎక్కడుంది?'"

"జవాబో?"

"నేను రోజూ సెప్పేదే."

అది రోజూ చెప్పేది ఒకటే. సాయంత్రం నేను ఫోన్ చేస్తే, "బస్సులో ఉన్నాను మామ్మ, వచ్చేస్తన్నాను" అనేది. వెనకాల టకటకమని కీబోర్డుల చప్పుడు వినిపిస్తూనే ఉండేది. ఏ బస్సులోనే అన్ని కీబోర్డులు? అబద్ధాలాడడం నా దగ్గరే నేర్చింది. నా అంత పెద్దవి ఆడలేకపోయేది, అంతే.

"ఎవరైనా నీ తోటలోకి దూరాలని తప్పు జవాబు కొడితే, ఆ జవాబు నీ ఫోనుకొచ్చేస్తాది. ఏ కంప్యూటర్నించి కొట్టారో కూడా," అంది. "దొంగ దొరికిపోతాడు."

'బస్సులో ఉంది' అని అది జవాబు కొట్టింది బర్మా అక్షరాల్లో. తెలుగు మాటే, అక్షరాలు బర్మావి. దానికి తెలుగు మాట్లాడ్డమే వచ్చు, రాయడం రాదు. గుడి బడికి పంపితే నాలుగు రోజులు వెళ్ళి మానేసింది. మా ఇంట్లో తెలుగు రాయడం నాకొక్కదానికే వచ్చు.

ఈ వానల్లో దానికి డెంగ్యూ జ్వరం వచ్చింది. బొప్పాయి ఆకులు నూరి రసం తాగించాను. ఇల్లంతా ఆ పచ్చి చేదు వాసన. మంచం మీద దిండుకి చేరగిలబడి, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఆ జ్వరంలోనే పనిచేసింది.

"ఆపవే తల్లీ."

"ఈ ఒక్కరికీ తలుపు తీసేసి పడుకుంటాను మామ్మ."

నాలుగు రోజులు. దీన్ని పెంచి చెప్పడం నాకు చేతకాదు. నాలుగు రోజులే.

ఇక్కడి ఆఫీసుల్లో ఒక పద్ధతుంది. పనిలో ఉన్న మనిషి పోతే, పై అధికారి ఒక కాగితం రాసి తెస్తారు. 'ఫలానా మనిషిని నేటి నుంచి విధుల నుంచి విడుదల చేశాం. ఇక పనికి రానక్కరలేదు' అని. శవం ముందు చదివి, చేతిలో పెట్టి పంపిస్తారు. లేకపోతే ఆ మనిషి వేళకి ఆఫీసుకొచ్చేస్తుందట. మల్లిక పై అధికారి డా మ్యింట్ తెచ్చింది; 'డా' అంటే ఇక్కడ పెద్దావిడల పేరు ముందు పెట్టే మర్యాద. ఏడుస్తూ చదివింది. మల్లిక వేళ్ళ మధ్య పెట్టింది.

"చదివితే చాలదమ్మా. కాగితం తనతోనే వెళ్ళాలి," అంది నాతో.

నేను విన్నాను. బాగానే విన్నాను. అందరూ పూలకోసం అటు తిరిగినప్పుడు ఆ కాగితం లాగేసి రవికెలో దోపుకున్నాను. దాని బదులు సంతలో మొహింగా, అదే చేపల పులుసు నూడుల్స్, అమ్మే కొట్టువాడు పంచిన ప్రకటన కాగితం మడిచి పెట్టాను. బర్మావాళ్ళ కాగితం అంత పనిచేసేదైతే... అది లేకపోతే పిల్ల పనికొస్తుంది కదా. పనికొచ్చిన పిల్ల సాయంత్రం ఇంటికి రావాలి కదా. అదీ నా లెక్క. బతుకంతా దేవుణ్ణి కూడా బురిడీ కొట్టించినదాన్ని, ఇదొక్కటి కొట్టించలేనా అనుకున్నాను.

పదో రోజు కర్మ అయిన మర్నాడు సత్యశ్రీ వచ్చింది. మల్లిక పక్క కుర్చీలో కూర్చుని పనిచేసే పిల్ల. మెట్లెక్కి వచ్చింది, తాడు లాగలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మామ్మ, మల్లిక ఐడీ మేం క్లోజ్ చేసేశాం. పాస్‌వర్డ్ మార్చేశాం. రోజూ మూడింటికి దాని పేరు పక్కన, పనిలో ఉన్నట్టు, మళ్ళీ పచ్చలైటు వెలుగుతంది."

"ఎవరో దొంగయ్యుంటాడు."

"దొంగలు కస్టమర్లకి జవాబులియ్యరు, మామ్మ. అదే మల్లిక మాటలు. అదే 'కంగారు పడకండి, తలుపు తీస్తాను' అనడం. మేం రాస్తే పలకట్లేదు. ఆట ఆడేవోళ్ళకే పలుకుతంది." గొంతు తగ్గించింది. "డా మ్యింట్ అడగమంది. ఆ కాగితం... దాంతో వెళ్ళింది కదా?"

"వెళ్ళింది. నేనే గుప్పిట మూశాను," అన్నాను. రవికెలో కాగితం చెమటకి మెత్తబడి ఒంటికి అతుక్కుంది.

సత్యశ్రీ వెళ్ళాక, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. నా పన్నాగం పారింది. పిల్ల వచ్చింది.

మర్నాడు రెండున్నరకే మల్లిక లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. వాన మొదలైంది. మామూలు వాన కాదు, ఏరు లేచి నిలబడినట్టు. పట్టపగలే దీపం పెట్టుకోవాల్సినంత చీకటి. ఏటి మీంచి బురద వాసన. మూడింటికి కరెంటు పోయింది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. వీధిలో చప్పుళ్ళన్నీ ఒక్కొక్కటే వానలో మునిగిపోయాయి. తెర వెలుగూ, దేవుడి ముందు దీపమూ మిగిలాయి.

చాలా రోజులుగా తోటలోకి వెళ్ళలేదు కదా, ఆట నన్ను లోపలికి రానివ్వలేదు. 'సహాయం' అని ఉన్నచోట నొక్కాను. చాట్ తెరుచుకుంది. బర్మా భాషలో అక్షరాలొచ్చాయి.

'నమస్కారం. నేను మల్లిక. కంగారు పడకండి, తలుపు తీస్తాను.'

'నేనే తల్లీ, మామ్మని,' అని కొట్టాను.

'మీ గుర్తింపు చూడాలి. పుట్టిన తేదీ?'

అసలు తేదీ కొట్టాను. అదేమిటో, అప్పుడు అబద్ధం నోటికి రాలేదు.

'సరిపోలేదు. ఇంకొక్క ప్రయత్నం ఉంది.'

నన్నెరగదు. నా చేతుల మీద పెరిగిన పిల్ల... నన్నెరగదు. నా డెబ్బై మూడేళ్ళు దానికి లెక్కలోకి రాలేదు.

'రహస్య ప్రశ్న: మల్లిక ఎక్కడుంది?'

అప్పుడు వాసన తగిలింది. బొప్పాయి ఆకు వాసన. ఆ గిన్నె తోమి బోర్లించి పన్నెండు రోజులైంది. అయినా గదిలో... మంచం వైపు నుంచి... పచ్చిగా, చేదుగా. దాంతోపాటు చప్పుడు. టక. టక టక. నా వేళ్ళు కీబోర్డు మీద లేవు. ఒళ్ళో ఉన్నాయి.

తల తిప్పలేదు. తిప్పుంటే ఈ కథ ఇంకోలా చెప్పేదాన్నేమో.

'బస్సులో ఉంది,' అని కొట్టాను. బర్మా అక్షరాల్లో, అది కొట్టినట్టే.

టకటక ఆగింది. ఆ తర్వాత తెర మీద బర్మా అక్షరాల్లో మన మాట...

'మామ్మ.'

నేను ఏడ్చాను. వానకంటే ఎక్కువ ఏడ్చాను.

'ఇంటికి రా తల్లీ.'

'వచ్చేస్తన్నాను. ఇంకా మూడు వందల పన్నెండు మంది ఉన్నారు లైన్లో. అందరికీ తలుపు తీసేసి వస్తాను.'

నేను చూస్తుండగానే కింద ఇంకో వరుస వచ్చింది. 'మూడు వందల నలభై.' తర్వాత, 'నాలుగు వందల ఆరు.'

'ఆపెయ్యవే.'

'ఎలా ఆపాలి? సెలవు ఇయ్యలేదు కదా. తలనొప్పిగా ఉంది మామ్మ. ఒళ్ళు కాలిపోతంది. దాహంగా ఉంది. నీళ్ళు తెస్తావా?'

జ్వరం తగ్గలేదు దానికి. పన్నెండు రోజులుగా తగ్గలేదు. కాష్ఠం మీద కూడా తగ్గలేదు. నేనే తగ్గనివ్వలేదు. పిల్ల ఇంటికొస్తుందని లెక్కేసుకున్నాను గానీ, విడుదల లేని పనికి సాయంత్రం ఉండదని ఈ ముసలి బుర్రకి తట్టలేదు.

వెనక మంచం కిర్రుమంది. నా మెడ మీద ఊపిరి... వేడిగా.

రవికెలోంచి కాగితం తీశాను. మెత్తబడి ముక్కలయ్యేట్టుంది. దేవుడి ముందున్న దీపం దగ్గరికి గోడ పట్టుకుని వెళ్ళాను. మంచం వైపు చూడకుండానే. చదివాను. గుసగుసగానే చదివాను. 'మల్లికని నేటి నుంచి విధుల నుంచి విడుదల చేశాం. ఇక పనికి రానక్కరలేదు.' డా మ్యింట్ రాయనిది ఒకటి నేను కలిపాను. "ఇంటికి కూడా రానక్కరలేదే తల్లీ. పడుకో."

దీపానికి అంటించాను. తడి కాగితం, వెంటనే అంటుకోలేదు. చివరికి అంటుకుంది. వేళ్ళు కాలేదాకా వదల్లేదు.

వెనక కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. ఊపిరి చప్పుడు ఆగింది. బొప్పాయి ఆకు వాసన సన్నగిల్లి, దాని చోట్లోకి ఏటి బురద వాసన వచ్చింది. తిరిగొచ్చి చూస్తే తెర మీద ఒక్క వరుసే ఉంది.

'బస్సెక్కాను, మామ్మ.'

దాని కింద: 'మల్లిక చాట్ నుంచి వెళ్ళిపోయారు.'

అయిదింటికి కరెంటు వచ్చింది. సత్యశ్రీ ఫోన్ చేసింది. "మామ్మ, పచ్చలైటు ఆరిపోయింది. లిస్టులో పేరే లేదు. నువ్వేటి చేశావ్?" ఏమీ చెయ్యలేదన్నాను. నా జన్మలో అంత చిన్న అబద్ధం ఆడలేదు.

అన్నం వండాను. ఒక్కదానికే. తినలేదు. వసారాలో కూర్చున్నాను. వాన వెలిసి వీధి మెరుస్తోంది. బస్సుల దీపాలు బజారు మలుపులో ఒక్కొక్కటీ తిరుగుతున్నాయి. మల్లిక వచ్చే వేళ. అది ఇక రాదు. రాకూడదు. నేనే కదా పంపించింది. అయినా చేతిలో తాళంచెవి ఎప్పుడు పట్టుకున్నానో నాకే తెలియదు.

ఒళ్ళో ఫోను గుర్రుమంది. ఆటవాళ్ళ హెచ్చరిక.

'మీ ఖాతాలోకి ఎవరో రావడానికి ప్రయత్నించారు. రహస్య ప్రశ్నకి తప్పు జవాబు ఇచ్చారు. ఇది మీరేనా?'

ఎక్కణ్ణుంచి అన్నచోట, లోపల గదిలో నేను మూసి వచ్చిన లాప్‌టాప్ పేరే ఉంది.

ప్రశ్న: మల్లిక ఎక్కడుంది?

ఇచ్చిన జవాబు: ఇంట్లో ఉంది.

ఆ జవాబు తెలుగు అక్షరాల్లో ఉంది. మల్లికకి రాయడం రాని అక్షరాలు; ఈ ఇంట్లో అవి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, నేనేమో వసారాలో ఉన్నాను.

వెనక్కి తిరగలేదు నేను. లోపల గదిలో లాప్‌టాప్ మూత తెరుచుకున్న నీలి వెలుగు వసారా గోడ మీద పడింది. నా నీడ కమ్మీ మీదుగా వీధి వైపు సాగింది.

అప్పుడే కింద తాడు కదిలింది.

గంట ఒకసారి మోగింది. కాసేపాగి, మెల్లగా... ఇంకోసారి.