ఆరు గంటల పుణ్యాత్మురాలు

ఆరు కొట్టకముందే వెంకటరమణప్ప స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని తూర్పు కిటికీ ముందు కుర్చీలో కూర్చున్నాడు. వంటింట్లో దీపం ముందు కూర్చుని ఓరకంట చూస్తున్న అక్కయమ్మకు ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళ కాపురంలో తన కోసం ఈ మనిషి ఒక్కనాడైనా ఇలా తల దువ్వుకున్నాడా?

గుండె ఆపరేషన్ అయ్యాక ఆయన ఆసుపత్రివాళ్ళ పరిశోధన ఒకదానిలో చేరాడు. పేషెంట్లలో సగం మంది కోసం ముక్కూ మొహం తెలియనివాళ్ళు నెల రోజులు, పొద్దున ఆరింటికి, ఎవరిళ్ళలో వాళ్ళు ప్రార్థన చేస్తారు. మిగతా సగానికి చేయరు. ఎవరిది ఏ సగమో ఆఖరి రోజు దాకా చెప్పరు. ప్రార్థించేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువని, వివరాలు రాసుకోవడానికి వచ్చే రంజిత ఒకసారి నోరు జారింది. అంతే, బెంగళూరు పీణ్య ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు లేత్ మిషన్ తిప్పిన ఈ పెద్దమనిషి, తన కోసం ఒకావిడ ప్రార్థనకు కూర్చుంటోందని ఖాయం చేసేసుకున్నాడు.

అక్కయమ్మ ఊరుకుంటుందా? రోజూ ఐదున్నరకే దీపం పెట్టేది. "స్వామీ, ఆమె మాట నీ చెవిన పడేలోపల నా మాట విను" అని మొదలుపెట్టి ఆరున్నర దాకా లేచేది కాదు.

ఆరున్నరకు ఆయన కళ్ళు తెరిచాడు. "ఎదపైన బరువు దించినట్లుండాదే. ఎవరి బిడ్డో, పుణ్యాత్మురాలు."

అక్కయమ్మ కాఫీ లోటా బల్ల మీద దబ్బున పెట్టింది. "ఆ పుణ్యాత్మురాలినే పిలుచుకో. నీ మాత్రలు, నీ ఉప్పులేని సంగటి అన్నీ ఆమే చూసుకుంటాది. నేను దొడ్డబళ్ళాపురం మా తమ్మునింటికి పోతా."

"చూడని మనిషి మీద ఏం కుళ్ళే నీకు?"

"చూడని మనిషికి ఇస్త్రీ చొక్కా ఏంటికయ్యా? ఆస్పత్రిలో పదకొండు రోజులు నేల మీద పండుకున్నదాన్ని. ఒక్కనాడన్నా నన్ను పుణ్యాత్మురాలని అంటివా?"

తొమ్మిదింటికి రంజిత వచ్చింది. అది ఆఖరి రోజు. ఎవరిది ఏ సగమో రాసి ఉన్న కవరు చించి చదివింది. "అంకుల్, మీరు రెండో గ్రూపు. మీ కోసం ఎవరూ ప్రేయర్ చెయ్యలేదు."

వెంకటరమణప్ప ముఖం వాడిపోయింది. సంబరపడాల్సిన అక్కయమ్మ ఆ ముఖం చూడలేకపోయింది.

"తప్పు రాసుంటారమ్మా, ఇంకోసారి చూడు. ఒకామె ఉండాది" అని బతిమాలింది.

"లేదు ఆంటీ. ఇంట్లోవాళ్ళు చేసేది మేము లెక్కలో వెయ్యం. మీరేమైనా చేసేవాళ్ళా?"

అక్కయమ్మ తల వంచుకుంది. "ఐదున్నర నుంచి కూర్చుంటా ఉంటిని. భక్తి కాదమ్మా. ఆమె మీద కుళ్ళు."

ఆ జవాబు ఏ గడిలో రాయాలో తెలియక రంజిత పెన్ను మూసేసింది.

మరునాడు ఆరింటికి తూర్పు కిటికీ దగ్గర కుర్చీ లేదు. వంటింట్లో, దీపం పక్కన ఉంది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తడి తల దువ్వుకుని, వెంకటరమణప్ప భార్య వైపు తిరిగి కూర్చున్నాడు.

"కళ్ళు మూసుకోవయ్యా" అంది అక్కయమ్మ.

"మూసుకోను. నెలంతా మూసుకునే కూర్చుంటిని" అన్నాడాయన.

అక్కయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని వత్తి ఎగదోసింది.