దీవెన పేరు మీద కొట్టు

తెనాలి స్టేషన్ రోడ్డులో మందుల షాపు పైనున్న ఆ చిన్న ఆఫీసుకు వచ్చేవాళ్ళు చాలామంది ముందు మంచినీళ్ళు అడుగుతారు. దీవెన అడగలేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుని, రైలు కూత వినబడినప్పుడల్లా కిటికీ వైపు చూసింది. వయసు ముప్పై దాటి ఉంటుంది. వేళ్ళ చివర సూది పోట్లున్నాయి.

ఎదురుగా ఉన్న సామ్రాజ్యం తొందరపెట్టలేదు. చాలా ఏళ్ళు ఒక ఇన్సూరెన్సు కంపెనీకి క్లెయిముల్లో నిజమెంతో విచారించి, తరువాత సొంతంగా ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి ఆమె. ఎదుటివాళ్ళ మౌనాన్ని భరించడం ఆ వృత్తి ఆమెకు నేర్పిన మొదటి విద్య. సహాయకుడు ఎబినేజర్‌కు నలభై దాటినా ఆ విద్య పట్టుబడలేదు.

"చెప్పమ్మా, పర్వాలేదు," అన్నాడతను.

ఆమె చెప్పిన సంగతి ఇది. దీవెన రేపల్లెలో ఇంటి ముందు గదిలో మిషన్లు వేసి, మరో ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి స్కూలు యూనిఫారాలు కుడుతోంది. జీఎస్టీ బిల్లు ఇవ్వగలిగితే బడి మొత్తానికీ ఆర్డరు ఆమెకే ఇస్తామని ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు అన్నారు. రిజిస్ట్రేషన్ కోసం టాక్స్ కన్సల్టెంటు దగ్గరికి వెళితే, ఆమె పాన్ నంబరు మీద అప్పటికే ఒక వ్యాపారం ఉందని కంప్యూటరు చూపించింది. బాపట్లలో, పాత ఇనుము వ్యాపారం. కరోనా రెండో ఏట పెట్టారు. లక్షల సరుకు అమ్మినట్టు బిల్లులు రాశారు గానీ పన్ను కట్టలేదు. కొన్నాళ్ళకు పన్నుల ఆఫీసువాళ్ళు ఆ నంబరు రద్దు చేసి, బకాయి ఆమె పేరున చూపించారు. అది తేలేదాకా కొత్త నంబరు రాదు. శుక్రవారం వచ్చి సంజాయిషీ ఇమ్మన్నారు. స్కూలువాళ్ళు ఆగేది కూడా ఆ వారం వరకే.

"పోలీసులకు చెప్పలేదేం?" అంది సామ్రాజ్యం.

దీవెన సంచి పట్టీని వేలికి చుట్టి విప్పింది. తమ్ముడు జాన్ బాబుకు రేపల్లె బస్టాండు దగ్గర నెట్ సెంటరు ఉంది. ఆమెకు పాన్ కార్డు తీయించింది అతనే. ఆమె కాగితాలన్నీ అతని కంప్యూటర్లో ఉన్నాయి. ఇలాంటి రిజిస్ట్రేషన్ జరగాలంటే ఆధార్‌కు కలిపిన ఫోనుకు ఓటీపీ రావాలి. ఆమె ఫోను ముట్టుకునేది ఆమె కాకుండా జాన్ బాబు ఒక్కడే.

"అతన్ని అడిగావా?"

"లేదండి. అడిగితే కాదంటాడు. అప్పుడు నేను నమ్మలేకపోతే?"

ఎబినేజర్ తల దించుకున్నాడు. దీవెన వచ్చిన పని చెప్పింది.

"మా తమ్ముడు కాదని తేల్చండి మేడమ్. వాడే అయితే మాత్రం నాకు చెప్పకండి. ఆ బకాయి ఎలాగో కట్టుకుంటాను."

"తేల్చడం వరకే నా చేతిలో ఉంటుందమ్మా. ఏం తేలాలన్నది ఉండదు. దానికి ఒప్పుకుంటేనే మొదలుపెడతాను."

దీవెన తలూపింది.

ఆ వ్యాపారం మొదలైన ఏడు ఎక్కడ పనిచేసేదని అడిగితే ఆమె ముఖం కొంచెం తేటపడింది. తెనాలిలోనే, మాధురి గారి రెడీమేడ్ షాపు మేడ మీద. రోజూ రేపల్లె నుంచి రైలులో వచ్చి వెళ్ళేది. లాక్‌డౌన్‌లో షాపు మూసినా మాధురి మేడమ్ అందరికీ జీతాలిచ్చింది. ఆదివారం చర్చిలో తన కుటుంబంతో పాటు ఆమెకోసం కూడా ప్రార్థన చేసేదాన్నని చెప్పింది.

సామ్రాజ్యం, ఎబినేజర్ వెళ్ళేసరికి మాధురి షాపు తెరిచి ఉన్నా గిరాకీ లేదు. గడపకు రాసిన పసుపు ఇంకా ఆరలేదు. ఆమె స్వయంగా కూల్‌డ్రింకులు తెచ్చి ఇచ్చి, విషయం విని నొచ్చుకుంది. దీవెన బంగారమంది. ఏ పని చెప్పినా చేసేదట, ఒక్క ప్రశ్న అడిగేది కాదట. తమ్ముడి మాట వచ్చేసరికి గొంతు తగ్గించింది.

"నేననకూడదు గానీ, ఆ కంప్యూటర్ల కుర్రాణ్ణి చూశారా మీరు?"

అంతలో ఆలస్యంగా వచ్చిన ఒక కుట్టుపనిమనిషి గల్లాపెట్టె పక్కనున్న స్టీలు పళ్ళెంలో తన ఫోను పెట్టి మేడ మెట్లెక్కింది. పళ్ళెంలో అప్పటికే ఐదారు ఫోన్లున్నాయి. సామ్రాజ్యం వాటి వైపు చూసింది.

"మిషను తొక్కుతూ రీల్సు చూస్తే కాలరు వెళ్ళి చంకలో పడుతుందండి," అని నవ్వింది మాధురి. "మా షాపులో మొదట్నుంచీ ఇదే పద్ధతి."

ఎబినేజర్ కూడా నవ్వాడు. సామ్రాజ్యం కూల్‌డ్రింకు పూర్తిగా తాగి, కృతజ్ఞతలు చెప్పి లేచింది.

మర్నాడు ఇద్దరూ బాపట్ల రైలెక్కారు. కిటికీలోంచి వడగాలి కొడుతోంది. తమ్ముడి మీద అనుమానానికి ఆధారాలన్నీ ఎబినేజర్ ఒకటొకటిగా చెబుతూ వచ్చాడు. సామ్రాజ్యం వింటూనే రెండుసార్లు సీటు మారింది. ఆధారాలు అంత తేలిగ్గా ఒకే మనిషి చుట్టూ చేరడం ఆమెకు ఎప్పుడూ నచ్చదు. మనిషి తాను భయపడే చోటే నిజం ఉంటుందని అనుకుంటాడు. భయం ఎక్కువైనకొద్దీ ఆ నమ్మకం బలపడుతుంది గాని, అందువల్ల నిజం అక్కడికి నడిచిరాదు.

బిల్లుల మీదున్న చిరునామా మార్కెట్టు వెనక సందులో ఒక ఒంటిగది. దాని యజమానురాలు శేషారత్నం పక్కింట్లోనే ఉంటుంది. డెబ్బై ఏళ్ళ మనిషి, మాటకారి.

"ఇనుమా? ఇక్కడ ఒక మేకు కూడా దిగలేదమ్మా," అందామె.

అద్దెకు తీసుకున్నది ఒక ఆడమనిషి. దీవెన అనే పేరుతో ఆధార్ నకలు ఇచ్చి, పదకొండు నెలల అద్దె ఒకేసారి చేతిలో పెట్టింది. రెండుసార్లే వచ్చింది. రెండుసార్లూ మాస్కు తీయలేదు. సామ్రాజ్యం దీవెన ఫొటో చూపించింది.

"ఆ ఏడాది అందరికీ కళ్ళే గదమ్మా మిగిలింది. ఏ కళ్ళు ఎవరివని చెప్పను?" అని శేషారత్నం ఫొటో తిరిగి ఇచ్చేసింది. "మనిషి మాత్రం పద్ధతి గలదే. బోర్డు తగిలించి ఫొటో తీసుకోవడానికి వచ్చిన రోజున, ఫోను చెవికి ఆనించుకునే, చెప్పులు విడిచి వంగి గడప తాకి కళ్ళకద్దుకుంది. నేనే ఎప్పుడూ దండం పెట్టలేదు ఆ గదికి."

అంతటితో ఆగకుండా మరో మాట చెప్పింది. మొన్న రేపల్లె నుంచి ఒక కుర్రాడు వచ్చి ఇవే సంగతులు అడిగి వెళ్ళాడట. పేరు జాన్ బాబు అన్నాడట.

ఎబినేజర్ కలం ఆగింది. సామ్రాజ్యం మాత్రం ఆ గది ముందుకు వెళ్ళి, తాళం వేసిన తలుపు ఎదుట చాలాసేపు నిలబడింది.

సాయంత్రానికి రేపల్లె చేరారు. జాన్ బాబు చేతిలో విప్పిన ఫోను ఉంది. ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఒక స్క్రూ బిగించి మళ్ళీ వదులు చేశాడు. బాపట్ల వెళ్ళానని వెంటనే ఒప్పుకున్నాడు. అక్క పేరుతో ఇలా జరిగిందని కన్సల్టెంటు ద్వారా తెలిసిందట. ఊళ్ళో ఎంతోమంది కాగితాలు తన కంప్యూటర్లో ఉన్నాయి. అవి తన దగ్గర్నుంచే బయటికి పోయాయేమోనని అప్పటినుంచి నిద్ర లేదన్నాడు.

"మిమ్మల్ని మా అక్క పంపిందాండి?" అన్నాడు చివరికి.

సామ్రాజ్యం అతని చేతిలోని ఫోను వైపు చూసింది. అతను స్క్రూ బిగించడం మానేశాడు.

బయటికి వచ్చాక ఎబినేజర్ ఉండబట్టలేకపోయాడు. "దొంగతనం చేసినవాడే అందరికంటే ముందు వెతకడం మొదలుపెడతాడు మేడమ్."

"వెతికేవాళ్ళంతా దొంగలైతే మనమెవరం ఎబినేజర్?" అందామె. "గురువారం అందర్నీ ఆ బాపట్ల గదిలోకి రప్పించు. మాధురి గారిని కూడా. ఆ రోజుల్లో దీవెన తెనాలిలో పనిచేసేదని ఒక సాక్షి చెప్పాలని చెప్పు. అది అబద్ధం కాదు."

గురువారం మధ్యాహ్నం శేషారత్నం తాళం తీసి ముందుగా లోపలికి నడిచింది. పావురాల రెట్టలు, బూజు, గోడ వారగా పడి ఉన్న ఒక రేకు బోర్డు తప్ప గదిలో ఏమీ లేవు. జాన్ బాబు బూట్లతోనే లోపలికి వచ్చి, అక్కకు దూరంగా నిలబడ్డాడు. దీవెన కొంగు నలుపుతూ అతని వంక చూడకుండా తలుపు పక్కన నిలబడింది. ఎబినేజర్ స్టేషన్ నుంచి మాధురిని తీసుకొచ్చాడు. ఎవరితోనో సరుకు సంగతి మాట్లాడుతూ ఆమె ఆటో దిగింది. మాట ఆపకుండానే చెప్పులు విడిచింది, వంగింది, గడపను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుని లోపలికి అడుగుపెట్టింది.

శేషారత్నం చేతిలో తాళంచెవులు కదిలిన శబ్దం వినబడింది.

"ఈవిడే," అందామె. "అప్పుడూ ఇంతే. ఫోను దించకుండానే."

మాధురి ఫోను దించింది. సామ్రాజ్యం ఎబినేజర్‌ను తలుపు దగ్గరగా వేయమని, కేసు మొదటినుంచి విప్పి చెప్పింది.

"ఈ వ్యాపారానికి కావలసినవి మూడు. దీవెన కార్డుల నకళ్ళు, రిజిస్ట్రేషన్ రికార్డు ప్రకారం ఒక పనిదినం మధ్యాహ్నం ఆమె ఫోనుకు వచ్చిన ఓటీపీ, ఈ గదికి వచ్చే ఒక ఆడమనిషి. నకళ్ళు జాన్ బాబు దగ్గరున్నాయి. పనిలో చేరేటప్పుడు ఇచ్చినవి మాధురి గారి దగ్గరా ఉన్నాయి. ఫోను తమ్ముడు తప్ప ఎవరూ ముట్టుకోరని దీవెన అంది. నిజమే అనుకుంది. రోజంతా అది గల్లాపెట్టె పక్కన పళ్ళెంలో ఉండేదని ఆమెకు తోచలేదు. రోజూ చేసే పని మనకు కనబడదు. ఆ మధ్యాహ్నం ఆమె మేడ మీద కుడుతోంది, ఫోను కింద ఉంది. తమ్ముడు రేపల్లెలో ఉన్నాడు."

"ఆడమనిషిని ఎవరైనా డబ్బిచ్చి పంపొచ్చు కదా?" అంది మాధురి. గొంతు నిలకడగానే ఉంది.

"పంపొచ్చు. నేనూ అదే ఆలోచించాను. కూలికి వచ్చిన మనిషి ఈ గడపకు దండం పెట్టదు. దీవెన పెట్టదు, వాళ్ళింట ఆ ఆచారం లేదు. ఇది ఇంటావిడే మొక్కని ఖాళీ గది. ప్రతి ఉదయం తన కొట్టు గడప తాకి షట్టరు ఎత్తే మనిషి మాత్రమే, అది దొంగకొట్టని తెలిసి కూడా, ఆ తలుపు ముందు తెలియకుండానే వంగుతుంది. మాధురి గారూ, గడప తాకడం నేరమని నేననను. ఈ మొత్తంలో మీరు నిజాయితీగా చేసింది అదొక్కటే."

మాధురి గోడ వారగా పడి ఉన్న బోర్డును చూసింది. దాని మీద దుమ్ము కింద దీవెన పేరు చదవడానికి ఇంకా వీలుగానే ఉంది.

"లాక్‌డౌన్‌లో మీ అందరికీ జీతాలు ఎక్కడినుంచి తెచ్చాననుకున్నావే?" అంది మాధురి దీవెనతో. "షాపు మూసి ఉంటే అప్పు చేసి ఇచ్చాను. తెరిచాక అది తీర్చే దారి లేదు. ఇనుము కొట్లవాళ్ళు తమ పన్ను తగ్గించుకోవడానికి సరుకు లేని బిల్లులడిగారు, కమీషనిస్తామన్నారు. ఆరు నెలల్లో మూసేద్దామనుకున్నాను."

"నా పేరే ఎందుకు మేడమ్?"

"నువ్వు ఏదీ అడగవు గనక."

ఆ జీతంతో కొన్న బియ్యం, కట్టిన మందుల బిల్లు దీవెన కళ్ళముందు మెదిలి ఉంటాయి. కొంగు నలపడం ఆపి రెండు చేతులూ కిందికి వదిలేసింది. తరువాత తమ్ముడి వైపు తిరిగింది. ఆమె ముఖంలో ఉపశమనం దాచుకోవడానికి వీల్లేనంతగా ఉంది. దాన్ని చూసే జాన్ బాబుకు అంతా అర్థమైంది.

"నేననుకున్నావా?" అన్నాడు.

దీవెన అతని వైపు ఒక అడుగు వేసింది.

"నన్నొక మాట అడగొచ్చు కదా అక్కా," అని అతను తలుపు తీసుకుని ఎండలోకి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పన్నుల ఆఫీసులో మాధురి తన వాంగ్మూలం రాసి సంతకం చేసింది. పోలీసులకు ఫిర్యాదు వెళ్ళింది. ఆ వ్యాపారంతో దీవెనకు సంబంధం లేదని అధికారి నమోదు చేసుకుని, బకాయి వసూలు ఆపించాడు. ఆ కాగితం చూసి స్కూలువాళ్ళు మరికొన్నాళ్ళు ఆగుతామన్నారు.

బళ్ళు తెరిచిన వారంలో దీవెన మళ్ళీ తెనాలి వచ్చింది. ఫీజు కవరు బల్ల మీద పెట్టి, రిజిస్ట్రేషన్ వచ్చిందని, మిషన్లు రెండు పెంచానని చెప్పింది. ఈసారి కుర్చీలో పూర్తిగా కూర్చుంది. ఎబినేజర్ సంతోషం పట్టలేక, గడప సంగతి తనకు తట్టకపోవడానికి కారణం చెప్పుకొచ్చాడు. చుట్టూ అందరూ చేసే పని కాబట్టి తాను దాన్ని చూడటం ఎప్పుడో మానేశాడట. మేడమ్ కన్నే కన్ను అన్నాడు. సామ్రాజ్యం అతని పొగడ్తను వినిపించుకోలేదు.

"తమ్ముడెలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడండి. దరఖాస్తు పనంతా వాడే దగ్గరుండి చేయించాడు. మాట్లాడుతున్నాడు." దీవెన సంచి పట్టీ సర్దుకుంది. "అక్కా అని మాత్రం పిలవడం లేదు."

కింద రోడ్డు మీద ఆటో హారన్లు ఆగకుండా మోగుతున్నాయి. సామ్రాజ్యం లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చుంది. చెప్పడానికి ఆమెకు ఒక మాట దొరికింది గానీ, అది ఓదార్పు కాదు.

"అది నేను తేల్చగలిగింది కాదమ్మా."

"తెలుసండి," అంది దీవెన లేస్తూ. "ఈసారి వాణ్ణి నేనే అడుగుతాను."

రేపల్లె రైలుకు ఇంకా చాలా టైముంది. అయినా ఆమె గబగబా మెట్లు దిగింది.