ఇద్దరికి సరిపడా నీళ్ళు

అతను లిఫ్టులు బాగుచేసేవాడు. ఆమె కుట్టుపని చేసేది. ఇద్దరూ కూడబెట్టి కొనుక్కున్న తెరచాప పడవ ఎంత చిన్నదంటే, లోపల నిలబడితే అతని తల పైకప్పుకు తగిలేది. దూరప్రయాణానికి అతను పెట్టుకున్న నియమం ఒక్కటే: మన చేత్తో బాగుచేసుకోలేనిది పడవలో ఉండకూడదు. అలా ఇంజను పోయింది, ఫ్రిజ్ పోయింది, రేడియో కూడా పోయింది. మిగిలినవి రెండు పళ్ళాలు, రెండు గ్లాసులు, కిరోసిన్ స్టవ్, మంచినీళ్ళ ట్యాంకు, దానికో చేతిపంపు.

"రేపు దుప్పటి కూడా ఒకటే చాలంటారేమో!" అని ఆమె నవ్వింది.

"చాలదా మరి?" అన్నాడతను.

నడిసముద్రంలో గాలి పడిపోయింది. తెరచాప తడిగుడ్డలా వేలాడింది. రోజూ పుల్ల ముంచి చూస్తే ట్యాంకులో నీళ్ళు తగ్గుతూనే ఉన్నాయి. గాలి మళ్ళీ లేచిన మధ్యాహ్నమే పొగమంచు కూడా కమ్ముకుంది. ఆమె చుక్కాని పట్టుకుంది. అతను ముందు నిలబడి చూస్తున్నాడు. ఎదుట తెల్లగా గోడ కట్టినట్టుంది, ఇంకేమీ లేదు.

"అమ్మా... ఎవరైనా ఉన్నారా?"

మగగొంతు. బొంగురుగా, బాగా దగ్గర్నుంచి.

అతను పరుగున వెనక్కి వచ్చాడు. "పడవ తిప్పు," అన్నాడు గుసగుసగా.

"ట్యాంకులో ఎన్ని నీళ్ళున్నాయో మీకు తెలియదా అండీ?"

"అక్కడున్నది మనిషే!"

"మనిద్దరికే చాలవు."

అతను చుక్కాని మీద, ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. లాగేస్తాడనుకుంది. లాగలేదు. వేసిన చెయ్యి అలాగే ఉంచేశాడు.

గొంతు పక్కకు వచ్చింది. తర్వాత వెనక్కి పోయింది. తిట్టలేదు, ఏడవలేదు.

"సరేనమ్మా..." అంది. అంతే.

ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పొగమంచు విడలేదు. తడిసిన బట్టలు మూటకట్టి వదిలేస్తే వచ్చే ముక్క వాసన ఎక్కడినుంచో వస్తోంది. అప్పుడు వినిపించింది, పడవ లోపల్నుంచి.

కిర్ర్... కిర్ర్... కిర్ర్...

చేతిపంపు.

"మీరు... లోపల ఏమైనా..."

"నేనిక్కడే ఉన్నానుగా."

పంపు ఆగింది. గుటకలు. ఒకటి తర్వాత ఒకటి... ఆగకుండా... ఎన్నాళ్ళ దాహమో అది.

అతను లేవబోయాడు. "వద్దు. వెళ్ళాల్సింది నేనే," అంది ఆమె.

లోపల ఎవరూ లేరు. ఒక గ్లాసు నేల మీద ఉంది. అంచు ఇంకా తడిగానే ఉంది. ట్యాంకు మూత తీసి పుల్ల ముంచింది. అడుగు తగులుతుందనుకుంటే, వేళ్ళు తడిశాయి. మూతిదాకా నిండుగా ఉన్నాయి నీళ్ళు. నాలుక మీద వేసుకుంది. చల్లగా, తియ్యగా ఉన్నాయి.

ఆమె అక్కడే కూలబడి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

"ముగ్గురికీ సరిపోయేవి," అన్నాడతను గుమ్మంలోంచి. ఆమెను అంటున్నాడో, తనను తాను అనుకుంటున్నాడో తెలియలేదు.

దాహం ఆగుతుందా! తాగారు. తీరం చేరేదాకా అవే తాగారు. ఎంత తాగినా పుల్ల మీద తడి గీత దిగలేదు. ఆమె రోజూ ఒక గ్లాసు నింపి సముద్రంలో పోసేది. క్షమించమని అడగడానికి ఆ మనిషి పేరైనా తెలియదు.

రేవు ఆఫీసులో జరిగిందంతా చెప్పింది. నాలుగు చీవాట్లు పెడతారేమో, కాస్త బరువు దిగుతుందేమో అనుకుంది. ఆఫీసరు మాత్రం, "ఆ వైపు ఏ పడవా తప్పిపోలేదమ్మా. ఎండదెబ్బ అయ్యుంటుంది, వెళ్ళి విశ్రాంతి తీసుకోండి," అన్నాడు.

అతని అక్కగారింటికి వెళ్ళారు. భోజనం చేసి, ముందుగదిలో చెరో మంచం మీద పడి నిద్రపోయారు. ఆమెకు మెలకువ వచ్చేసరికి ఆడపడుచు గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. లోపలికి రావడం లేదు.

"ఏంటి వదినా, అలా చూస్తున్నారు?"

"నిద్రలో ఎవరో పాపను పేరు పెట్టి పిలుస్తున్నావు. ఎవరా పాప?"

ఆ పేరేమిటో వదిన చెప్పింది. ఆమె ఎన్నడూ వినని పేరు.

"పిలిస్తే పిలిచావు గానీ... బొంగురు మగగొంతుతో పిలిచావే." వదిన గొంతు తగ్గించి, పక్క మంచం మీద ఇంకా నిద్రలోనే ఉన్న తమ్ముడి వైపు చూపించింది. "నువ్వు పిలిచినప్పుడల్లా వాడు 'ఊఁ, నాన్నా' అంటున్నాడు. అచ్చం చిన్నపిల్ల గొంతుతో."