పోటు నిండేదాకా

భోగాపురం దాటి సముద్రం వైపు పోతే ఒక గెడ్డ ఉంది. దాని మొగలో, అంటే గెడ్డ నీళ్ళు సముద్రంలో కలిసే చోట, ఒక దిబ్బ. పాటు వేళ నీళ్ళు దిగితే బయటపడుతుంది, పోటు వేళ నీళ్ళు ఎక్కితే ములిగిపోతుంది. కాలు పెడితే అన్నీ గుల్లలే. అందుకే గుల్లదిబ్బ అన్నారు.

ఆ దిబ్బకి మంచి పేరు లేదు.

చలికాలంలో, అమావాస్యకో పున్నానికో అటూ ఇటూ, మంచు దట్టంగా పట్టిన రాత్రి... ఆ దిబ్బ మీంచి పిలుస్తుందట. ఊరికే పిలవదు. పేరు పెట్టి పిలుస్తుంది, వరస కలిపి పిలుస్తుంది. పలికారో — అంతే సంగతులు. అందుకని మొగ దాటే బోటులో ఎవరూ ఆ పిలుపుకి బదులు చెప్పకూడదు. గొంతు వినబడితే హిందువులు గుప్పెడు ఉప్పు నీళ్ళలోకి విసరాలి, కిరస్తానీలు గట్టిగా చర్చి పాట ఎత్తుకోవాలి. ఈ ఏర్పాటు ఎవరు చేశారో తెలీదుగానీ, గెడ్డ ఒడ్డున ఉన్న జాలర్ల పేటలో అందరూ ఒక్క మాట మీద నిలబడింది దీనికొక్కదానికే.

ఇంకో విడ్డూరం ఉంది. ఆ దెయ్యానికి టైము ఉంది. పోటు తగలగానే పిలవడం మొదలుపెడుతుంది, పోటు నిండగానే మానేస్తుంది. దెయ్యానికి పోటుతో ఏం పని అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. భయం కూర్చున్న చోట బుద్ధి నిలబడదు మరి.

ఆ పేటలో చేపలు పట్టే ఎలీషా కూడా అడగలేదు. అతను ఆ గొంతు స్వయంగా విన్నవాడు.

ఈ కథకి పన్నెండేళ్ళ ముందటి మాట అది. అప్పుడు ఎలీషాకి రూబీతో పెళ్ళయి ఏడాది. ఇలాంటి మంచు పట్టిన అమావాస్య రాత్రే, నూకయ్య బోటులో మొగ దాటుతుంటే దిబ్బ వైపు నుంచి వినబడింది — “బావా... బావా...” రూబీ తమ్ముడు సంజయ్ గొంతు.  ఎలీషా వెంటనే పాట ఎత్తుకున్నాడు. బోటు వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి సంజయ్ తెప్ప ఖాళీగా ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మూడో రోజుకి మనిషి వచ్చాడు, ప్రాణం లేకుండా.

రాత్రి సముద్రంలో పోయాడు, పోతూ పోతూ బావని పలకరించాడు అనుకున్నారు. ఏమన్నాడు అని రూబీ అడిగితే, ఒక్కసారి బావా అన్నాడు, మిగతాది పాటలో వినబడలేదు అని చెప్పాడు ఎలీషా. ఆ ఒక్క మాటనే ఆవిడ కొంగున కట్టుకుంది. ఏటా ఆ అమావాస్యకి ఇసకలో కొవ్వొత్తి వెలిగించి, “మా తమ్ముడు సెప్పకుండా పోనేదు, ఆళ్ళ బావకి సెప్పే పోయినాడు” అనుకుని కళ్ళు తుడుచుకునేది.

ఇక అసలు కథ. రెండువేల పదహారు, జనవరి. అదే అమావాస్య.

రోజూ సాయంత్రం ఫోన్లకి సముద్రం సంగతి మెసేజి వచ్చేది. చదువు రాని వాళ్ళ కోసం సండే స్కూలు టీచరు బేబీ దాన్ని చర్చి మైకులో చదివేది. ముసలి నూకయ్య చర్చి గడప తొక్కేది క్రిస్మస్‌కీ, ఈ వాతావరణానికీ మాత్రమే. ఆ రోజు బేబీ గొంతు పేటంతా మోగింది.

“తెల్లవారుజామున దట్టమైన మంచు. గాలి ఈశాన్యం నుంచి, గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లు. కెరటం రెండు మీటర్లు. చిన్న బోట్లు జాగ్రత్తగా ఉండవలెను.” ఆగి, దగ్గి, “నూకయ్య మావా, నీ ఊదారంగు స్వెట్టరు బెంచీ మీద ఒగ్గేసినావు. రేపొచ్చి పట్టుకుపో” అంది.

పేటంతా నవ్వింది. ఎలీషా నవ్వలేదు. రెండు మీటర్ల కెరటం అతని గుండెలో పడింది. ఆ మధ్య ఒకసారి మొగలో బోటు తిరగబడ్డప్పటి నుంచీ అతనికి పెద్ద కెరటం అంటే భయం. ఆ మాట బయటికి చెప్పుకోగలడా? చేపలు పట్టేవాడు నీళ్ళకి భయపడ్డాడంటే పేటలో తలెత్తుకోలేడు.

ఎలీషా వేటకి వెళ్ళే బోటు యజమాని డేవిడ్‌రాజు, అతని పెదనాన్న కొడుకు. వేటకి పిలవడానికి వచ్చేసరికి ఎలీషా దుప్పటి ముసుగు పెట్టేశాడు.

“జొరమన్నా. ఒళ్ళు కాలిపోతన్నాది.”

“సర్లే, తొంగో” అని డేవిడ్‌రాజు వెళ్ళిపోయాడు.

రాత్రి రెండుకి జ్వరం దిగిపోయింది. ఇలాంటి జ్వరాలకి మందు అక్కర్లేదు కదా. గెడ్డలో వేసిన పీతల వల తీసుకొద్దామని లేచాడు.

“ఈ రేతిరేల? మొగ దగ్గరకి ఎల్లకు” అంది రూబీ.

“మొగ కాదే. గెడ్డలోనే. నడుం లోతు నీళ్ళు, భయమేటి?”

సముద్రానికి భయపడి గెడ్డలోకి వెళ్ళాడు. నిప్పుకి భయపడి పెనం మీంచి పొయ్యిలో పడటం అంటారే, అదే ఇది.

చిన్న తెప్ప మీద వల ఎత్తుతుంటే మంచు దిగింది. చేయి చాపితే చేయి కనబడదు. తల దించుకుని పీతలు విడదీస్తున్నవాడికి పాటు నీరు తెప్పని నెమ్మదిగా కిందికి లాక్కుపోతోందని తెలీలేదు. టక్కున అడుగు తగిలి తెప్ప ఆగింది. తొయ్యడానికి దిగాడు.

కాలి కింద కరకర.

గుల్లలు.

ఎలీషా కొయ్యబారిపోయాడు. నిలబడిన ఆ నాలుగు క్షణాల్లోనే పెద్ద కెరటం ఒకటి వచ్చి తెప్పని ఎత్తుకుపోయింది. టార్చి చేతిలో ఉండిపోయింది. ఫోనూ, తెప్ప తోసే గెడా తెప్పతో పోయాయి.

పాటు ఆగిపోయింది. పోటు తగిలింది.

మడమల దాకా నీళ్ళు... పిక్కల దాకా నీళ్ళు. నీళ్ళు సూదుల్లా గుచ్చుతున్నాయి. ఈత రాక కాదు. ఎటు ఈదాలో తెలియాలి కదా! ఒకవైపు ఒడ్డు, ఒకవైపు సముద్రం. మంచులో కెరటాల హోరు నాలుగు దిక్కుల నుంచీ ఒకేలా వస్తోంది. తప్పు దిక్కుకి నాలుగు బారలు వేస్తే చాలు, మళ్ళీ కనబడేది మూడో రోజే.

వెనకాల ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. తిరిగి చూడలేదు. సంజయ్ గుర్తొచ్చాడు. “తమ్ముడూ, నన్నేటీ సెయ్యకు” అని గొణిగాడు.

అప్పుడు వినబడింది... ఇంజిను చప్పుడు.

మొగ దాటే ముందు ఏ బోటైనా అక్కడ ఆగాల్సిందే. పెద్ద కెరటాలు వరసగా పోయి, సందు దొరికేదాకా కాచుకోవాలి. ఇంజిను నెమ్మదించింది. మంచులో డేవిడ్‌రాజు దగ్గు వినబడింది. ఎలీషాకి ప్రాణం లేచొచ్చింది.

“డేవిడన్నా! నానన్నా... ఎలీషాని!”

ఇంజిను అలాగే గుడగుడలాడుతోంది.

“దిబ్బ మీదున్నానన్నా! పోటు ఎక్కేస్తన్నాది!”

మంచులో గుసగుస కూడా దగ్గరగా వినబడుతుంది. బోటులో నూకయ్య గొంతు — “పలక్కండ్రా... ఎవుడూ పలక్కండ్రా...”

ఎలీషా టార్చి ఎత్తి గిరగిరా ఊపాడు.

“ఓలమ్మో... కొరివి కూడా పట్టుకున్నాది!”

“మావా, ఎలీషా కాదా అది?” ఎవరో అన్నారు.

“ఎలీషా జొరంతో మంచం మీదున్నాడు. రేతిరి నా కళ్ళతో సూసినాను” అన్నాడు డేవిడ్‌రాజు. “ఆడి గొంతు ఎత్తుకొచ్చినాది.”

తను ఆడిన అబద్ధం తన పీకకే చుట్టుకుంది.

ఎలీషా ప్రభువు మీద ఒట్టు పెట్టాడు. డేవిడ్‌రాజు నాన్న పేరు చెప్పాడు, తాత పేరు చెప్పాడు, చిన్నప్పుడు ఇద్దరూ కలిసి ఎవరి కోడిని కాజేశారో చెప్పాడు. ఆనవాళ్ళు చెప్పేకొద్దీ బోటులో గుండెలు జారిపోతున్నాయి.

“సూసినారా... అన్నీ తెలుసు దానికి” అన్నాడు నూకయ్య.

చెప్పకపోతే నీళ్ళు. చెబితే దెయ్యం. ఎటూ దారి లేదు.

అప్పుడు పాట ఎత్తుకున్నారు. అదే పాట. పన్నెండేళ్ళ కిందట ఎలీషా ఎత్తుకున్న పాటే. బోటులో ఉండి పాడితే ఎంత ధైర్యంగా ఉంటుందో అతనికి తెలుసు. దిబ్బ మీద నిలబడి వింటే ఎలా ఉంటుందో ఆ రాత్రే తెలిసింది. ముఖం మీద తలుపు వేసి గడియ పెట్టినట్టు ఉంది.

నీళ్ళు నడుం దాటాయి. కెరటం ఒకటి లేపి పడేసింది. మళ్ళీ లేచి నిలబడ్డాడు. టార్చి పోయింది. పాటలో తన గొంతు తనకే వినబడటం లేదు. రూబీకి ఇంట్లో ఏం చెబుతారు? నిన్న రాత్రి మీ ఆయన మమ్మల్ని పేరు పెట్టి పిలిచి పోయాడు అని చెబుతారు. అంతే. ఎలీషాకి ఏడుపొచ్చింది. చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

ఏడుస్తూనే ఆలోచన తట్టింది. దెయ్యానికి పాత సంగతులన్నీ తెలుసు. చచ్చిన నాటి దాకా అన్నీ తెలుసు. మరి నిన్న సాయంత్రం సంగతి?

ఇంజిను జోరందుకుంటోంది. సందు దొరికినట్టుంది.

ఎలీషా ఊపిరంతా కూడదీసుకుని, బేబీ చదివినట్టే, అక్షరం పొల్లుపోకుండా అరిచాడు — “తెల్లవారుజామున దట్టమైన మంచు! గాలి ఈశాన్యం నుంచి, గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లు! కెరటం రెండు మీటర్లు! చిన్న బోట్లు జాగ్రత్తగా ఉండవలెను! నూకయ్య మావా... నీ ఊదారంగు స్వెట్టరు బెంచీ మీద ఒగ్గేసినావు!”

పాట ఆగింది.

కెరటం వచ్చి ఎలీషా నోట్లో ఉప్పునీళ్ళు పోసి వెళ్ళింది.

“...నా స్వెట్టరు సంగతి దెయ్యానికి ఎలగ తెలుస్తాదిరా?” అన్నాడు నూకయ్య నెమ్మదిగా. వెంటనే గొంతు చించుకున్నాడు. “మనిసిరా! ఒరే, మనిసి! బోటు తిప్పండ్రా!”

“గెడ!” ఎలీషా అరిచాడు. “మావా... గెడ అందించు!”

ఆ మాట నోట్లోంచి వచ్చాక అతని ఒళ్ళు చల్లబడింది. నీళ్ళ చలి కాదు అది.

మంచులోంచి గెడ వచ్చింది. పట్టుకున్నాడు.

బోటులోకి లాగాక నూకయ్య మొట్టమొదట టార్చి వేసి అతని పాదాలు చూశాడు, వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని. డేవిడ్‌రాజు లెంపకాయ ఒకటి కొట్టి, ఆ చేత్తోనే దగ్గరకి తీసుకున్నాడు. “జొరమన్నావు కదరా ఎదవా!” అంటూ ఏడ్చేశాడు. తలో గుడ్డా కప్పారు. నవ్వుకున్నారు కూడా.

బోటు వెనక్కి తిరిగి ఒడ్డు పట్టింది. సగం దూరం వచ్చాక నూకయ్య నవ్వు ఆగిపోయింది. 

“ఎలీషా...” అన్నాడు. “సంజయ్ గాడి రోజుల్లో మెసేజిలు నేవు కదరా.”

డేవిడ్‌రాజు తల తిప్పి, మంచులో దిబ్బ ఉన్న వైపు చూశాడు.

రూబీ పొయ్యి రాజేసి, దుప్పటి చుట్టి, ఎలీషా పాదాలకి నూనె రాసింది. ఇసకలో పెట్టిన కొవ్వొత్తి ఆరిపోయి ఉంది.

“మా తమ్ముడే నిన్ను కాపాడినాడు” అంది. “దిబ్బ మీద పిలిసినాడేటి?”

ఎలీషా మంట వైపు చూశాడు. తలూపితే సరిపోయేది. పన్నెండేళ్ళు తలూపాడు. ఇప్పుడు మెడ వంగలేదు.

“నేదు రూబీ. ఈ రేతిరి ఎవుడూ పిలవనేదు. ఆ రేతిరే పిలిసినాడు.”

“తెలుసు కదా. బావా అని—”

“బావా, గెడ అందించు అన్నాడు.”

రూబీ చేతులు ఆగిపోయాయి.

“ఎన్ని సార్లు?” అంది.

“మా బోటు ఎల్లిపోయేదాకా. మా ఎనకాల ఇంకో రెండు బోట్లు వచ్చినాయి. ఆళ్ళకీ ఇనబడ్డాదంట.” “పోటు నిండేదాకా పిలిసినాడు రూబీ.”

ఆవిడ ఏడవలేదు. అరవలేదు. అడిగింది ఒక్కటే.

“ఏ పాట పాడినారు మీరు?”

చెప్పాడు.

ఇప్పుడు మంచు రాత్రుల్లో ఏ బోటు మొగ దాటినా గుల్లదిబ్బ దగ్గర ఇంజిను ఆపుతారు. “ఎవరైనా ఉన్నారా?” అని కేక వేస్తారు. బదులు వస్తుందేమోనని చెవులు రిక్కించి వింటారు. ఇన్నేళ్ళలో ఆ దిబ్బ మీంచి దెయ్యం పిలిచిందన్నవాడు లేడు.

చర్చిలో మాత్రం అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఆ పాట ఎత్తుకుంటారు. అందరూ లేచి నిలబడతారు. రూబీ కూర్చుని ఉంటుంది. మగవాళ్ళ వైపు ఎలీషా నిలబడతాడుగానీ, నోరు పెగలదు.